ఇంటి బరువు మోసేవాళ్లు వినాల్సిన ఆడియో: లిబ్రివాక్స్‌లో కాఫ్కా 'మెటమార్ఫసిస్'

పైసా ఖర్చు లేకుండా దొరికే ఆడియో పుస్తకాల్లో ఏది వినమంటావని ఎవరడిగినా నేను ముందు ఫ్రాంజ్ కాఫ్కా రాసిన ఈ కథ పేరే చెబుతున్నాను. ఇంగ్లిష్‌లో ఉంటుంది. మూడు భాగాలు, మొత్తం రెండు గంటల పైచిలుకు. లిబ్రివాక్స్ సైట్ నుంచి ఎంపీత్రీ ఫైళ్లు దింపుకుంటే చాలు, లాగిన్ అక్కర్లేదు, దారిలో సిగ్నల్ పోయినా ఆగదు. కాపీరైట్ తీరిపోయిన పుస్తకాలను వాలంటీర్లు చదివి అక్కడ పెడతారు.

నేను మెడికల్ రెప్‌ని. కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, మంథని బస్సుల్లో తిరగడమే నా పని. ఇంట్లో పెద్దకొడుకుని. అందుకే కాబోలు, ఈ కథలో హీరో గ్రెగర్ శాంసా పొద్దున్నే లేచేసరికి పురుగైపోయాడన్న సంగతి నన్ను పెద్దగా కదిలించలేదు. అతని ఉద్యోగం కదిలించింది. బట్టల శాంపిల్స్ పట్టుకుని రైళ్లెక్కి ఊళ్లు తిరిగే సేల్స్‌మన్ అతను. వెల్లకిలా పడి, కాళ్లన్నీ గాల్లో కొట్టుకుంటున్నా అతని టెన్షన్ అంతా డ్యూటీ గురించే. అలారం నాలుగింటికి పెట్టాడు. చూస్తే ఆరున్నర. ఐదింటి రైలు పోయింది, ఏడింటిదైనా అందుకోవాలి.

ఆ కంగారులోనే మనసులో మాట బయటపడుతుంది. అమ్మానాన్నల కోసం ఓర్చుకుంటున్నాను గానీ లేకపోతే ఎప్పుడో మానేసేవాణ్ని, బాస్ ఎదురుగా నిలబడి కడుపులో ఉన్నదంతా కక్కేసేవాణ్ని అనుకుంటాడు. వెంటనే లెక్క వేసుకుంటాడు: నాన్న బాస్‌కి పడ్డ బాకీ తీరాలంటే ఇంకో ఐదారేళ్లు, ఆ తర్వాత తప్పకుండా మానేస్తాను. ఈ లెక్క మన ఇళ్లలో ఎంతమంది వేసుకుంటారో! చెల్లి పెళ్లయ్యాక, హౌసింగ్ లోన్ తీరాక, తమ్ముడు సెటిలయ్యాక.

చదివినాయన నటించడు, ఏడుపు గొంతు పెట్టడు. తాపీగా చదువుకుంటూ పోతాడు. ఆ తాపీతనం ఈ కథకు బాగా కుదిరింది, ఎందుకంటే గ్రెగర్ కూడా తన కోరికను ఇంట్లో ఎవరికీ పైకి చెప్పినవాడు కాదు.

రెండో భాగం మాత్రం మధ్యలో ఆపకుండా వినండి. అందులో తండ్రి ఒక చిన్న పెట్టె తెరిచి, ఇంట్లో ఉన్న డబ్బు సంగతి తల్లికీ చెల్లికీ వివరిస్తాడు. ఐదేళ్ల కిందట వ్యాపారం మునిగిపోయినా కొంత మిగిలిందట, దాని మీద వడ్డీ కూడా చేరిందట. గ్రెగర్ తనకు ఏదో కొంచెం ఉంచుకుని నెలనెలా ఇచ్చిన జీతంలో కూడా కొంత ఖర్చవకుండా పోగుపడిందట. తలుపు వెనక ఇదంతా వింటున్న గ్రెగర్ సంతోషంగా తలూపుతాడు. ఆ డబ్బుతో బాకీ కొంత తీర్చి ఉంటే తన విడుదల రోజు ఇంకా దగ్గరపడేది, ఆ సంగతి అతనికీ తోస్తుంది. అయినా నాన్న చేసిందే మంచిదైందని సరిపెట్టుకుంటాడు. అక్కడ నాకు గుండె మండిపోయింది. ఆపి, వెనక్కి జరిపి మళ్లీ విన్నాను.

ఆ తర్వాత తండ్రి బ్యాంకులో చిన్న ఉద్యోగానికి యూనిఫాం వేసుకుని వెళ్తాడు, తల్లి బట్టలు కుడుతుంది, చెల్లి దుకాణంలో పనికి చేరుతుంది. వయొలిన్ వాయించే ఆ చెల్లిని సంగీతం కాలేజీకి పంపాలని, క్రిస్మస్‌నాడు అందరి ముందూ చెప్పాలని గ్రెగర్ ఎంత ఆశపడ్డాడో! ఇంట్లోవాళ్లు దుర్మార్గులని నేననను. అతని డబ్బుకు వాళ్లు అలవాటుపడ్డారు, ఇవ్వడానికి అతనూ అలవాటుపడ్డాడు. అడగాల్సినవాళ్లు అడగలేదు, చెప్పాల్సినవాడు చెప్పలేదు.

కాఫ్కాకు ఈ బాధ తెలియంది కాదు. ప్రాగ్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం చేస్తూనే, ఇంటివాళ్ల ఆస్‌బెస్టాస్ ఫ్యాక్టరీ కూడా చూసుకోవాలన్న ఒత్తిడి పడ్డాడు. ఈ కథ రాసింది ఆ రోజుల్లోనే, 1912 చివర్లో. అచ్చయింది 1915లో.

కొన్ని ఇబ్బందులున్నాయి. ప్రతి భాగం మొదట్లో ఇది లిబ్రివాక్స్ రికార్డింగ్ అని అదే ప్రకటన వస్తుంది. చదివే యాస చెవికి పట్టడానికి కాసేపు పడుతుంది, ప్లేయర్‌లో వేగం కొంచెం తగ్గించుకుంటే సులువు. మూడో భాగంలో గ్రెగర్ వీపులో ఇరుక్కుని కుళ్లిపోయే యాపిల్ పండు సంగతి వినడం కష్టం, రాత్రి పడుకునే ముందు వద్దు. ఈ సైట్‌లో తెలుగు పుస్తకాలు చాలా తక్కువ, అది నాకు నిజంగా లోటే.

ఇది విన్న వారంలోనే నేను నాన్నను కూర్చోబెట్టి ఇంటి అప్పులు, చీటీలు, ఈఎంఐలు అన్నీ ఒక కాగితం మీద రాయించాను. డిప్లొమా పరీక్ష ఫీజు తన ట్యూషన్ల డబ్బుతో తనే కట్టుకుంటానని చెల్లి అప్పుడే చెప్పింది. ఒక్క జీతం మీద నడిచే ఇంట్లో ఆ జీతం తెచ్చేది మీరైతే, ఈ ఆడియోకు నా తరఫున ఐదు నక్షత్రాలు. వీలుంటే ఇంట్లోవాళ్లకూ వినిపించండి.