సెన్సారు సర్టిఫికెట్: వయసు చెబుతుంది, కారణం చెప్పదు

సినిమాకు ముందు తెర మీద కొన్ని క్షణాలు నిలిచి మాయమయ్యే సెన్సారు సర్టిఫికెట్‌ను ప్రేక్షకులకు అందే ఒక సేవగా తీసుకుని, టికెట్ కొనేవారికి అది ఎంతవరకు అక్కరకొస్తున్నదో చూద్దాం. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లే తల్లిదండ్రులే దీనికి అసలైన వినియోగదారులు కనుక వారి అవసరాన్నే ఇక్కడ కొలబద్దగా పెట్టుకున్నాను.

మెచ్చుకోవలసిన మార్పు ఒకటి వచ్చింది. 1983 నుంచి నాలుగు దశాబ్దాల పాటు ‘యూఏ’ అంటే పన్నెండేళ్ల లోపు పిల్లల విషయంలో పెద్దలు ఆలోచించుకోవాలన్న ఒక్క మాటే. కుటుంబ హాస్యానికీ, తలలు తెగిపడే పోరాటాలకూ అదే ముద్ర పడేది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి దానిని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. అయితే ఈ అంకెలు తల్లిదండ్రులకు సలహా మాత్రమే, 16+ సినిమాకు తొమ్మిదేళ్ల పిల్లవాడు వస్తే గేటు దగ్గర టికెట్ చింపే మనిషి ఆపలేడు. పద్దెనిమిదేళ్ల లోపువారిని ఆపి తీరవలసింది ‘ఎ’ సినిమాలకే. అగ్రహీరో సినిమా మొదటి ఆటకు ఆ నియమం ఎంత చక్కగా అమలవుతుందో మనకు తెలియనిది కాదు.

అసలు లోటు కారణం చెప్పకపోవడంలో ఉంది. 13+ ఇచ్చింది రక్తపాతానికా, భయానికా, బూతుకా అన్నది తెర మీది సర్టిఫికెట్ చెప్పదు. 2024లో కొత్త నియమాలు వచ్చేదాకా అమల్లో ఉన్న 1983 నాటి నియమాల ప్రకారం కత్తిరింపులు జరిగిన సినిమా సర్టిఫికెట్‌లో కింద ఎడమ మూలన చిన్న త్రికోణం గుర్తు వేసేవారు, కత్తిరింపుల జాబితా మాత్రం సర్టిఫికెట్ రెండో భాగంలో ఉండేది. ఆ త్రికోణాన్ని గమనించినవారు ఎందరుండి ఉంటారు? ఇవే తెలుగు సినిమాలు బ్రిటన్‌లో విడుదలైతే అక్కడి వర్గీకరణ సంస్థ హింస, భాష వంటి కారణాలను రేటింగు పక్కనే క్లుప్తంగా రాసి, వివరాలను తన వెబ్‌సైటులో పెడుతుంది. అక్కడ 15 రేటింగు పడిన సినిమాకు అమ్మానాన్నల తోడున్నా చిన్నపిల్లలను రానివ్వరు.

ఇక కంటికి కనబడని సెన్సారు సంగతి. ‘ఎ’ సినిమాను ఉన్నది ఉన్నట్టుగా టీవీలో వేయడానికి వీల్లేదు, అందుకు విడిగా సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. శాటిలైట్ హక్కులూ, కుటుంబ ప్రేక్షకులూ చేజారకూడదనుకునే నిర్మాత సెన్సారు బోర్డుకు దరఖాస్తు పెట్టకముందే ఎడిటింగ్ గదిలో సన్నివేశాలు తీసేయిస్తాడు. అవి ఏ జాబితాకూ ఎక్కవు. ఆ తర్వాత కూడా, పలానా షాట్లు తగ్గిస్తే యూఏ వస్తుందని తెలిశాక, విడుదల తేదీ ప్రకటించి థియేటర్లు మాట్లాడుకున్నవాడు వాదనకు దిగే పరిస్థితి ఉండదు. సినిమాను మరోసారి చూసే రివైజింగ్ కమిటీకి వెళ్లవచ్చు, కానీ అదీ బోర్డులోనిదే. బయట అప్పీలు వినే ట్రిబ్యునల్‌ను 2021లో రద్దు చేశారు కాబట్టి మిగిలింది హైకోర్టు. కోర్టు వాయిదాల కోసం పండగ సీజన్‌ను వదులుకునే నిర్మాత ఉంటాడా? కనుక అతడు ‘స్వచ్ఛందంగా’ ఒప్పుకుంటాడు. కత్తెర వేసింది చట్టమా, వ్యాపారమా అన్నది ప్రేక్షకుడికి ఎప్పటికీ తెలియదు.

కత్తిరించినా దాగనివీ ఉన్నాయి: హీరో తిట్టిన తిట్టును మ్యూట్ చేస్తారు గానీ పెదవులు స్పష్టంగా కదులుతూనే ఉంటాయి, నేల టికెట్టు కుర్రాళ్లు ఆ ఖాళీని గట్టిగా అరిచి మరీ పూరిస్తారు.

అందుచేత వయసు అంకె వరకు ఈ సర్టిఫికెట్‌ను వాడుకోవచ్చు, అంతకు మించి నమ్ముకోవద్దు. 2021 నియమాల ప్రకారం ఓటీటీలు రేటింగుతో పాటు సినిమాలో ఏముందో ఒక వాక్యంలో చెప్పవలసి ఉంది. పిల్లలకు చూపించే ముందు దానిని చదివితే థియేటరు సర్టిఫికెట్ కన్నా ఎక్కువే తెలుస్తుంది. థియేటరు సినిమాకైనా అటువంటి వాక్యం ఒకటి పోస్టరు మీదా, టికెట్ బుకింగ్ యాప్‌లోనూ వేయించడానికి బోర్డుకు పెద్ద ఖర్చేమీ కాదు.