బంతిని చూడడమా, కొట్టేవాడి భుజాన్ని చూడడమా: ఏది మేలు?

కోనసీమ లంక గ్రామాల్లో ఎండ తగ్గి కొబ్బరితోట పక్కన వాలీబాల్ మొదలైతే, గట్టు మీద కూర్చున్న పెద్దలు అరిచే మాట ఒకటే: "బంతి మీద చూపు పెట్టరా!" చిన్నప్పుడు నేనూ ఆ మాటే నమ్మాను. నెట్ దగ్గర బ్లాక్‌కు, అంటే అవతలి దెబ్బను చేతులెత్తి అడ్డుకోవడానికి నిలబడి, సెట్టర్ (కొట్టేవాడికి బంతిని అందించేవాడు) లేపిన బంతిని తలెత్తి చూస్తూ ఉండిపోయేవాణ్ణి. దాన్ని ఎగిరి కొట్టే అవతలి స్మాషర్ ఎప్పుడు పరుగందుకున్నాడో, ఏ వైపు నుంచి ఎగిరాడో గమనించకపోవడం వల్ల, నా చేతులు నెట్ పైకి లేచేసరికి బంతి మా వెనక ఇసుకలో పడి ఉండేది.

బంతినే నమ్ముకోవడంలోని ఇబ్బంది క్రికెట్‌లో లెక్కకు అందుతుంది. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బౌలర్ చెయ్యి విడిచి బ్యాట్స్‌మన్‌ను చేరడానికి అర సెకను కూడా పట్టదు. అందులో, కన్ను చూసినదానికి ఒళ్లు కదలడం మొదలయ్యేలోపే సుమారు 0.2 సెకను గడిచిపోతుంది. మైకేల్ లాండ్, పీటర్ మెక్‌లియోడ్ అనే పరిశోధకులు బౌలింగ్ యంత్రం ఎదుట ముగ్గురు బ్యాట్స్‌మన్‌ల కంటి కదలికలను కొలిచి 2000లో ఫలితాలు ప్రచురించారు. ఆ ముగ్గురిలో ఎవరూ బంతిని మొదటి నుంచి చివరిదాకా చూపుతో వెంబడించలేదు. బంతి వెలువడడం చూసి, అది నేలను తాకబోయే చోటికి చూపును ముందే పంపి, అక్కడ దాని కోసం కాచుకుని ఉన్నారు. మెరుగైన ఆటగాడి చూపు మరింత ముందుగా అక్కడికి చేరింది. అంటే గట్టు మీది పెద్దలు చెప్పిన పనిని నిపుణుడు సైతం అక్షరాలా చేయడం లేదు.

ఇక రెండో పద్ధతి ఆడేవాడి ఒంటిని చదవడం. బ్యాడ్మింటన్‌లో ఉండేది బంతి కాకపోయినా ఇక్కడ దాని ఊసు తప్పదు, ఎందుకంటే 2023లో గంటకు 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్ రికార్డుకెక్కిన సాత్విక్ సాయిరాజ్ మన అమలాపురం వాడు. అటువంటి స్మాష్ ఎదుట నిలిచినవాడు షటిల్ రాకెట్‌ను విడిచాక నిర్ణయించుకుందామనుకుంటే ఆలస్యమైపోతుంది. బ్రూస్ అబర్నెథీ, రసెల్ 1987లో ప్రచురించిన ప్రయోగాల్లో ఆట దృశ్యాన్ని మధ్యలో ఆపి, షటిల్ ఎక్కడ పడుతుందో చెప్పమన్నారు. కొత్తవాళ్లకు రాకెట్ కదలిక నుంచి మాత్రమే సమాచారం అందగా, నిపుణులు రాకెట్‌తో పాటు దాన్ని పట్టిన చేతిని కూడా చదవగలిగారు. చెయ్యి రాకెట్ కంటే ముందే కదులుతుంది కనుక వాళ్లకు ఆ మేరకు వ్యవధి కలిసివచ్చింది.

అయితే ఒళ్లు అబద్ధం ఆడగలదు. స్మాష్‌కు ఎగిరినట్టే ఎగిరి, ఆఖరు క్షణంలో చేతి వేగం తగ్గించి, వేలికొనలతో బ్లాకర్ల వెనక బంతిని జారవిడిచేవాడు మా ఊళ్లో ఒకడుండేవాడు. అతని ఒంటిని చదివినవాళ్లే ఎక్కువగా మోసపోయేవారు, బంతినే చూస్తున్న పిల్లలు ఒక్కోసారి దాన్ని అందుకునేవారు! ఫుట్‌బాల్ పెనాల్టీలో దీనికి కొంత జవాబు దొరుకుతుంది. అనుభవం ఉన్న గోల్‌కీపర్లు తన్నే క్షణం దగ్గరపడేకొద్దీ తన్నే కాలు, నేల మీద ఆనించే కాలు, బంతి ఉన్న చోట చూపు నిలుపుతారనీ, కొత్తవాళ్లు నడుము, చేతుల వైపు ఎక్కువగా చూస్తారనీ డచ్ పరిశోధకుడు హేర్ట్ సావెల్స్‌బర్గ్ బృందం 2002లో చూపింది. కనుక ఒంట్లో ఎక్కడ చూడాలో తెలియడం ముఖ్యం.

నా మొగ్గు నెట్ దగ్గర ఒంటి వైపే. బ్లాకర్ ముందు బంతిని, తరువాత సెట్టర్‌ను, మళ్లీ క్షణంపాటు బంతిని చూసి, అది ఎటు లేచిందో తెలియగానే దాన్ని వదిలేసి స్మాషర్ పరుగు కోణాన్నీ, భుజాన్నీ, చేతినీ పట్టుకోవాలి. వెనక వరుసలో సర్వీస్ అందుకునేవాడికి మాత్రం ఈ సలహా సగమే పనికివస్తుంది. ఎగిరి, బంతిని బలంగా తిప్పి కొట్టే సర్వీస్ దిశను సర్వర్ ఒంటి నుంచి చాలావరకు పసిగట్టవచ్చు. బంతి తిరగకుండా తేలుతూ వచ్చే ఫ్లోటింగ్ సర్వీస్ గాలిలో అటూఇటూ వంకరపోతుంది, పైరగాలి తోడైతే మరీను. ఆ వంకర సర్వర్ భుజంలో కనిపించదు కనుక, అక్కడ చివరిదాకా బంతినే చూడాలి.

నేర్చుకునే పిల్లలకు మొదటి కొన్ని నెలలు బంతి మీదే చూపు ఉండనివ్వవచ్చు, లేకపోతే చేతికి బంతి తగలదు. ఆ తరువాత కూడా గట్టు మీద నుంచి అదే కేక వేయడం వాళ్లకు మేలు కాదు. వారానికి ఒక పూట బ్లాకర్‌ను నెట్ దగ్గర చేతులు కట్టుకుని నిలబెట్టి, స్మాషర్ చెయ్యి బంతిని తాకేలోపే "లైను" (పక్క గీత వెంట నేరుగా) అనో "క్రాసు" (కోర్టుకు ఐమూలగా) అనో పైకి చెప్పమంటే, ఎవరి చూపు ఎక్కడ ఉందో అందరికీ వినబడుతుంది.