హైదరాబాద్‌లో పెద్దవాళ్లకు ఇంటికొచ్చే తోడు: పెట్టిన డబ్బుకు తగ్గ సేవేనా?

నగరంలో పెద్దవాళ్ల సంరక్షణ ఏజెన్సీలు ముఖ్యంగా మూడు రకాల మనుషుల్ని పంపుతాయి. ఇంజెక్షన్లకు, క్యాథెటర్‌కు, పుండ్లకు కట్టు కట్టడానికి నర్సు. స్నానం, బాత్రూమ్, బట్టలు మార్చడం చూసుకోవడానికి కేర్‌టేకర్. మూడో రకం కంపానియన్. వారానికి కొన్ని గంటలు ఇంటికొచ్చి మాట్లాడుతూ, పేపర్ చదివి వినిపిస్తూ, పార్కుకో బ్యాంకుకో వెంట వెళ్లే మనిషి. ఇక్కడ రాస్తున్నది ఈ మూడో రకం గురించే. ఏదో ఒక కంపెనీ గురించి కాదు, ఆ సేవ ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చెడుతుంది అన్నదాని గురించి.

ముందే తేల్చి చెప్పాలంటే, తన పనులు తాను చేసుకోగలిగి, మాట్లాడే మనిషి లేక పొద్దుపోని పెద్దవాళ్లకు ఇది పెట్టిన డబ్బుకు తగ్గ సేవే. కాకపోతే ప్రతిసారీ అదే మనిషి రావాలి. ఆ ఒక్కటి కుదరకపోతే మిగతావన్నీ ఎంత బాగున్నా దండగ.

కొత్త మనిషి వచ్చిన ప్రతిసారీ పెద్దావిడ కథంతా మొదటినుంచి చెప్పుకోవాలి. పిల్లలెందరు, సొంతూరేది, మోకాలి ఆపరేషన్ ఎప్పుడైంది. మూడోసారికి ఓపిక పోయి "ఎవరూ వద్దులే" అనేస్తుంది. ఏజెన్సీ దాన్ని "క్లయింట్‌కు ఆసక్తి లేదు" అని రాసుకుంటుంది. మనుషులు మారడానికి మొదటి కారణం దూరం. ఎల్.బి.నగర్‌లో ఉండే అమ్మాయిని కొండాపూర్‌కు వేస్తే ఆమె ఎన్నాళ్లని తిరుగుతుంది? అందుకే ఒప్పుకునే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. వచ్చే మనిషి మీ దగ్గర ఎన్నాళ్లుగా చేస్తోంది, ఎక్కడినుంచి వస్తుంది, రోజుకు ఎన్ని ఇళ్లు తిరుగుతుంది. చుట్టుపక్కల ఉండే మనిషి దొరక్కపోతే కనీసం ఒకే మెట్రో లైన్ మీద ఉండేలా చూడాలి. ఇల్లు కూకట్‌పల్లిలో ఉంటే అమీర్‌పేట నుంచి వచ్చే మనిషి ట్రాఫిక్‌తో పనిలేకుండా వేళకు చేరుతుంది.

తర్వాతిది వేళ. ఏజెన్సీలు సాధారణంగా పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు లోపు సమయాలే ముందు చూపిస్తాయి. సిబ్బంది చీకటి పడకముందే ఇల్లు చేరాలనుకోవడం న్యాయమే. కానీ ఒంటరితనం పొద్దున పదింటికి అంతగా తెలియదు. పూజ, టిఫిను, పనిమనిషి, కూరగాయల బండి, ఏదో ఒక కదలిక ఉంటుంది. దీపం పెట్టే వేళకే ఇల్లు బావురుమంటుంది. నాలుగు నుంచి ఆరు దాకా ఇవ్వమని గట్టిగా అడగాలి. వారానికి అయిదు పొద్దుటి గంటలకన్నా మూడు సాయంత్రాలు మేలు. ఆదివారాలు వస్తారో రారో కూడా అప్పుడే తేల్చుకోవాలి. సంక్రాంతికి నగరం సగం ఖాళీ అవుతుంది, తోడుగా వచ్చే మనిషీ ఊరెళ్తుంది. ఇరుగుపొరుగు లేని ఆ నాలుగు రోజులే పెద్దవాళ్లకు భారంగా గడుస్తాయి. బతుకమ్మ, దసరా రోజుల్లోనూ ఇంతే. సెలవులు ఎప్పుడన్నది నెల ముందే అడిగి, ఆ రోజుల్లో రోజూ ఒక వేళకు ఫోన్ చేసే ఏర్పాటైనా పెట్టించుకోవాలి.

మంచి ఏజెన్సీ ఏదో మొదటి రోజే తెలిసిపోతుంది. కోఆర్డినేటర్ స్వయంగా వచ్చి కనీసం గంటసేపు కూర్చుంటారు. బీపీ, షుగర్, మందుల పేర్లు అందరూ రాసుకుంటారు. చూడాల్సింది ఆ తర్వాతి పేజీ. ఏ చెవి బాగా వినపడుతుంది? చేసిన ఉద్యోగం ఏమిటి? ఏ విషయం ఎత్తకూడదు? ఎలా పిలిస్తే ఇష్టం? చివరిది చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. ముప్ఫై ఏళ్లు బడిలో పాఠం చెప్పిన మనిషిని "అంకుల్" అంటే ముఖం తిప్పుకుంటారు, "మాస్టారూ" అంటే ఆ పూటంతా మాట్లాడతారు. ఒకరికి "అమ్మగారూ" నచ్చుతుంది, ఇంకొకరికి "పిన్నిగారూ". ఆ పేజీ ఖాళీగా వదిలేసే ఏజెన్సీ మనిషిని కాదు, గంటల్ని అమ్ముతోందని అర్థం.

భాష కుదరడం కూడా ఇక్కడే చూసుకోవాలి. నల్లకుంటలోనో బర్కత్‌పురాలోనో పుట్టి పెరిగినవాళ్లలో తెలుగుతోపాటు హిందీ, ఉర్దూ సరదాగా మాట్లాడేవాళ్లు ఎందరో. ఆ రెండో భాషలో ముచ్చట్లాడే మనిషి దొరికితే వదులుకోవద్దు. నగరంలోని నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లకు ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువురానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. కబుర్లతో జబ్బు ఆగిపోతుందని దీని అర్థం కాదు. ఉన్న భాషను మూలపడనివ్వకూడదన్నదే ఇక్కడ మాట.

ఇక వచ్చిన రెండు గంటలు ఎలా గడవాలి? ఎక్కువగా జరిగే పొరపాటు చెవి దగ్గర మొదలవుతుంది. పలకడం లేదని, మూడీగా ఉన్నారని రాసేవాళ్లలో కొందరికి అసలు వినబడదు. శిక్షణ ఉన్న మనిషి బాగా వినపడే చెవి వైపు, ముఖం మీద వెలుతురు పడేలా కూర్చుని, టీవీ కట్టేసి, అరవకుండా నిదానంగా మాట్లాడుతుంది. వినికిడి యంత్రం బ్యాటరీ మార్చడమూ తెలిసి ఉండాలి. బిళ్ల బ్యాటరీకి అంటించిన రంగు కాగితమే సైజుకు గుర్తు. పసుపు 10, గోధుమ రంగు 312, నారింజ 13, నీలం 675. ఆ కాగితం తీయగానే యంత్రంలో పెట్టేయకూడదు, గాలి సోకేలా ఒకట్రెండు నిమిషాలు ఉంచి పెట్టాలి. తీసిన కాగితాన్ని మళ్లీ అంటించినా బ్యాటరీ ఆగదు, కరిగిపోతూనే ఉంటుంది. మొదటి రోజు ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి, శిక్షణ ఇచ్చారో లేదో తెలిసిపోతుంది.

రెండో పొరపాటు, పెద్దవాళ్లను కూర్చోబెట్టి కాలక్షేపం చేయించడం. పిల్లల రంగుల పుస్తకాలు తెచ్చి ముందు పెట్టేవాళ్లున్నారు, అది అవమానం. వామనగుంటలు, పచ్చీసు, రమ్మీ, పేపర్లో గళ్లనుడికట్టు, ఇవి వాళ్లకు వచ్చినవి, గెలవగలిగినవి. ఇంకా మంచిది, వాళ్లు నేర్పేవి. మే నెలలో ఆవకాయ పెడుతుంటే ముక్కలు తుడుస్తూ పాళ్లు అడిగి రాసుకోవడం, పూలు గుచ్చడం, పంచాంగం చూడటం. పెద్దావిడ చెబుతుంటే వచ్చినమ్మాయి నేర్చుకోవాలి. మంచి కంపానియన్ రెండు గంటల్లో తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ అడుగుతుంది. ఫోన్ బ్యాగులోనే ఉంటుంది.

బయటికి తీసుకెళ్లడం ఈ సేవలో అన్నిటికన్నా విలువైన భాగం. "పడిపోతే మాకు మాటొస్తుంది" అని ఏజెన్సీలు తప్పించుకునేదీ ఇక్కడే. ఒప్పందంలో బయటి పనులు ఉన్నాయని రాయించుకోవాలి. ఇందిరా పార్కుకో సుందరయ్య పార్కుకో నడక, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సాయంత్రం కార్యక్రమం, పక్క వీధిలో ఉన్న పాత స్నేహితురాలి ఇల్లు. మూడోది మర్చిపోవద్దు. కంపానియన్ పని తానే స్నేహితురాలు అయిపోవడం కాదు, ఉన్న స్నేహాలను తిరిగి కలపడం. ఇద్దరూ ఆడవాళ్లై, తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డులుంటే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ ఉండదు, మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9 నుంచి అమల్లో ఉంది. మంచం మీంచి లేచేటప్పుడు ఒక నిమిషం అంచున కూర్చోబెట్టి లేపాలి, లేకపోతే బీపీ పడి కళ్లు తిరుగుతాయి. ఎండాకాలంలో నడక పొద్దున ఏడు లోపే. పెన్షన్ తీసుకునేవాళ్లకు లైఫ్ సర్టిఫికెట్ పని కూడా చేయించవచ్చు. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు నవంబర్‌లో, 80 దాటినవాళ్లు అక్టోబర్ 1 నుంచే ఇవ్వొచ్చు, ఫోన్‌లో ముఖం చూపించి పూర్తి చేయొచ్చు.

మందుల విషయంలో గీత స్పష్టంగా ఉండాలి. గుర్తు చేయొచ్చు, డబ్బాలోంచి తీసి ఇవ్వొచ్చు. ఏడు గదుల డబ్బాను వారానికోసారి నింపేది మాత్రం ఇంటివాళ్లో నర్సో. ఇన్సులిన్ ముట్టుకోకూడదు.

డబ్బు దగ్గర మొహమాటం పనికిరాదు. ఏటీఎం కార్డు, యూపీఐ పిన్, ఓటీపీ కంపానియన్‌కు తెలియకూడదు. చిల్లర ఖర్చులకు ఇంత అని పరిమితి పెట్టి, చిన్న నోట్‌బుక్‌లో తేదీవారీగా రాయించి, పక్కన పెద్దవాళ్లతో సంతకం పెట్టించాలి. అప్పు, అడ్వాన్స్, బంగారం, పాత చీరలు ఏవీ ఇవ్వకూడదని మొదటి రోజే ముగ్గురి ముందూ చెప్పుకుంటే తర్వాత ఎవరి మనసూ నొచ్చుకోదు. ఆధార్ జిరాక్స్ ఇచ్చి అదే వెరిఫికేషన్ అంటారు, కాదు. పోలీస్ వెరిఫికేషన్ కాగితం చూపించమనాలి, ఆ మనిషి ముందు పనిచేసిన రెండు ఇళ్లకు ఫోన్ చేయాలి. శిక్షణ బాగున్న మనిషి ఇంకో మేలూ చేస్తుంది. పోలీసులమని బెదిరించి డబ్బు గుంజే "డిజిటల్ అరెస్ట్" వీడియో కాల్ వస్తే కట్ చేసి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని పెద్దవాళ్లకు అలవాటు చేస్తుంది.

విదేశాల్లో ఉన్న పిల్లలకు యాప్‌లో రోజూ రిపోర్టు వస్తుంది. బీపీ 130/80, మూడ్ హ్యాపీ, ఒక ఫోటో. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, తెలిసేది ఏమీ ఉండదు. పనికొచ్చే రిపోర్టు ఇలా ఉంటుంది: "అన్నం సగం వదిలేశారు, పన్ను నొప్పి అన్నారు. రెండుసార్లు చెల్లెలి పేరు తలచుకున్నారు, ఫోన్ చేయించాను, పది నిమిషాలు మాట్లాడారు." అలాంటి నాలుగు వాక్యాలు కావాలని ఏజెన్సీని అడిగితే ఇస్తారు. ఆ రాసింది ముందు పెద్దవాళ్లకు చదివి వినిపించి పంపాలి. తన గురించి చాటుగా రాసి పంపుతున్నారని తెలిసిన మర్నాటి నుంచి ఏ పెద్దాయనా నోరు విప్పడు. ఫోటోకీ ఆయన ఒప్పుకోవాలి.

బిల్లు సంగతి. ప్యాకేజీల పేర్లు చూసి మోసపోవద్దు, గంటకు ఎంత పడుతోందో లెక్కేయండి. వారానికి మూడుసార్లు, రెండేసి గంటలంటే నెలకు సగటున 26 గంటలు. మొత్తాన్ని 26తో భాగిస్తే అసలు ధర తెలుస్తుంది. జీఎస్టీ కలిపి చెప్పారో విడిగా వేస్తారో అడగాలి, 18 శాతం అంటే పది వేలకు 1,800 తేడా. అపార్ట్‌మెంట్ అయితే మైగేట్ లాంటి యాప్‌లో లోపలికి వచ్చిన, వెళ్లిన సమయాలు ఉంటాయి, నెలాఖరున బిల్లుతో సరిచూడాలి. ఆరు నెలలు, ఏడాది ముందే కట్టమంటే వద్దు. నాలుగుసార్లు వచ్చి చూశాకే నెలవారీకి ఒప్పుకోవాలి. పెద్దవాళ్లు ఆసుపత్రిలో చేరితే ఆ రోజుల డబ్బు ఏమవుతుందో కాగితం మీద ఉండాలి.

ఈ సేవ కుదరని చోట్లున్నాయి. రాత్రుళ్లు లేచి తిరగడం, గ్యాస్ కట్టేయడం మర్చిపోవడం మొదలైతే కావాల్సింది డాక్టర్, పూర్తికాలం కేర్‌టేకర్. రెండు వారాలకు మించి తిండి, నిద్ర తగ్గి, దేనిమీదా ఆశ లేనట్టుంటే అది ఒంటరితనం దాటి డిప్రెషన్ కావచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. డబ్బు పెట్టలేనివాళ్లు పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567ను మర్చిపోకూడదు, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఉచితం.

చివరిగా, అడగడం అందరూ మరిచిపోయేది ఒకటుంది. మంచి మనిషి కూడా ఎప్పుడో ఒకప్పుడు మానేస్తుంది, పెళ్లో ప్రసవమో ఇంకో ఉద్యోగమో. ఏజెన్సీ సోమవారం కొత్త మనిషిని పంపి చేతులు దులిపేసుకుంటుంది. ఆరు నెలలు రోజు విడిచి రోజు ఎదురుచూసిన పెద్దావిడకు పాత అమ్మాయి ఏమైందో కూడా తెలియదు. ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి: మనిషి మారితే పాత, కొత్త ఇద్దరూ కలిసి ఒక సాయంత్రం రావాలి, ఆ రెండు గంటలకు ఒకరి డబ్బే. పాత అమ్మాయే కొత్త అమ్మాయిని కూర్చోబెట్టి, అమ్మగారికి ఏ చెవి వినపడుతుందో, టీలో పంచదార ఎంతో, ఏ మాట ఎత్తకూడదో చెప్పి, అమ్మగారితో వెళ్లొస్తానని చెప్పి వెళ్లాలి.