కుక్క దురదకు చేప నూనెనా, కొబ్బరి నూనెనా, అవిసె గింజలా?

చలికాలం మొదలైతే చాలు, తెలిసినవాళ్లు నన్ను ఇదే అడుగుతారు. "మా కుక్క ఒంటి మీద చుండ్రులా పొట్టు రాలుతోంది, రోజంతా గోక్కుంటోంది. తిండిలో ఏ నూనె కలపమంటారు?" అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే కొబ్బరి నూనె మొదలుపెట్టి ఉంటారు. కొందరు పెట్ షాపులో సాల్మన్ ఆయిల్ ధర చూసి వెనక్కి వచ్చేసి ఉంటారు. ఇంకొందరు తమ జుట్టు కోసం తెచ్చుకున్న అవిసె పొడినే కుక్క గిన్నెలోనూ ఒక చెంచా వేస్తుంటారు.

పిడుదులు, గోమార్లు, గజ్జి, ఫంగస్ లాంటివి లేవని డాక్టర్ చూసి చెప్పాకే తిండి గురించి ఆలోచించాలి. పిడుదులు పట్టిన కుక్కకు ఎంత మంచి నూనె పోసినా దురద తగ్గదు.

ముందుగా చర్మం పొడిబారిందా, లేక ఎర్రబడి దురద పెడుతోందా అన్నది చూసుకోవాలి. ఈ రెండింటికీ కావలసిన కొవ్వులు వేరు.

చర్మం పొడిబారి, వెంట్రుకలు కళ తప్పి, పొట్టు రాలుతుంటే ముందు అనుమానించాల్సింది లినోలియిక్ ఆమ్లం అనే కొవ్వు లోటును. చర్మంలో తేమను ఆపే పొరకు ఇది కావాలి. కుక్క శరీరం దీన్ని తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. మంచి డాగ్ ఫుడ్ తినే కుక్కకు ఈ లోటు సాధారణంగా ఉండదు. మన ఇళ్లలో పెరుగన్నం, పాలన్నం, రసం అన్నంతో పెరిగే కుక్కకు మాత్రం ఉండే అవకాశం ఎక్కువ. చికెన్ వేసినా కొవ్వూ చర్మమూ తీసేసి ఉడకబెట్టి వేస్తాం కాబట్టి ఆ దారీ మూసుకుపోతుంది. దీనికి ఖరీదైన మందు అక్కర్లేదు. వంటింట్లో ఉన్న పొద్దుతిరుగుడు నూనె చాలు. మామూలు రకంలో సగానికి పైగా లినోలియిక్ ఆమ్లమే. 20 కిలోల కుక్కకు రోజుకు ఒక టీస్పూన్, పచ్చిగా, అన్నం మీద వేసి కలపాలి. ప్యాకెట్ మీద 'హై ఒలియిక్' అని ఉంటే మాత్రం అందులో లినోలియిక్ ఆమ్లం తక్కువ, అది ఈ పనికి రాదు.

కాళ్లు నాకుకోవడం, పొట్ట కింద, చంకల్లో ఎర్రబడటం, చెవులు గోక్కోవడం ఉంటే అది పొడిదనం కాదు. అలర్జీ వల్ల వచ్చే వాపు. ఇక్కడ పొద్దుతిరుగుడు నూనె పెద్దగా ఆదుకోదు. చేప నూనెలో ఉండే ఈపీఏ, డీహెచ్‌ఏ అనే రెండు ఒమేగా 3 కొవ్వులు కావాలి. కణాల పొరల్లో వాపును రెచ్చగొట్టే రసాయనాలకు ముడిసరుకుగా ఉండే కొవ్వు స్థానంలో ఇవి మెల్లగా చేరతాయి. ఆ రసాయనాలు తగ్గేకొద్దీ దురద తగ్గుతుంది.

ఏ నూనె మంచిదన్న చర్చలో అందరూ వదిలేసే విషయం మోతాదు. నా దృష్టిలో తేల్చేది అదే. "చేప నూనె వాడాం, ఏమీ తేడా లేదు" అన్నవాళ్లను ఎంత వేశారని అడిగితే, 30 కిలోల లాబ్రడార్‌కు రోజుకో క్యాప్సూల్, రెండు వారాలు అంటారు. మందుల షాపులో దొరికే మామూలు 1000 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120, రెండూ కలిపి 300 మిల్లీగ్రాములే ఉంటాయి. మిగతాది వేరే కొవ్వు. సీసా ముందు పెద్ద అక్షరాల్లో రాసిన 1000ని కాదు, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న ఈ రెండు అంకెల్ని కూడి చూడాలి.

అలర్జీ దురదకు పశువైద్యులు సూచించే మోతాదు లెక్కన ఈ రెండూ కలిపి 5 కిలోల కుక్కకు రోజుకు సుమారు 420 మిల్లీగ్రాములు, 10 కిలోలకు 700, 20 కిలోలకు 1180, 30 కిలోలకు 1600 పడుతుంది. అంటే 20 కిలోల కుక్కకు మామూలు క్యాప్సూల్స్ నాలుగు. పావు మోతాదుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పూర్తి మోతాదుకు పెంచాలి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. పూర్తి మోతాదుకు వచ్చాక కనీసం 8 నుంచి 12 వారాలు ఆగి చూడాలి. 2004లో అచ్చయిన ఒక పరిశోధనలో అలర్జీ కుక్కలకు ఒమేగా కొవ్వులు ఇస్తే ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మోతాదు తగ్గించగలిగారు. కానీ ఆ తేడా కనిపించింది రెండు నెలలు దాటాకే. స్టెరాయిడ్ తగ్గడం చిన్న విషయం కాదు. ఏళ్ల తరబడి ఆ మాత్రల మీద బతికే కుక్కలకు విపరీతమైన ఆకలి, దాహం, కండ క్షీణించడం చూసినవాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

మా ఇంటి లాబ్రడార్‌కు నేను ఎంచుకున్నదీ ఈ క్యాప్సూల్సే. సూదితో గుచ్చి అన్నం మీద పిండుతాను. పెట్ షాపు సాల్మన్ ఆయిల్ చెడ్డదని కాదు. రెండింటి వెనకా ఉన్న అంకెలు చూసి, అదే మోతాదుకు రోజుకు ఎంత ఖర్చవుతుందో లెక్క వేస్తే నాకు క్యాప్సూల్స్ చవగ్గా తేలాయి. పైగా పంపు సీసా ఒకసారి తెరిస్తే మన ఎండలకు నూనె త్వరగా పాడై చెడు వాసన వస్తుంది. సీసా కొంటే ఫ్రిజ్‌లో పెట్టండి. కాడ్ లివర్ ఆయిల్ మాత్రం దీనికి బదులుగా వాడొద్దు. దురద తగ్గేంత మోతాదులో ఇస్తే అందులోని విటమిన్ ఏ, డీ కుక్కకు ఎక్కువైపోతాయి.

విశాఖ, కాకినాడ వైపు ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. కవళ్లు, కానాగంతలు లాంటి కొవ్వున్న సముద్రపు చేపలు అక్కడ చవగ్గా దొరుకుతాయి. ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముళ్లు తీసి అన్నంలో కలిపితే ఒమేగా 3 తో పాటు మంచి మాంసకృత్తులూ అందుతాయి. చేపలో కొవ్వు కాలాన్ని బట్టి మారుతుంది కాబట్టి మోతాదు కచ్చితంగా చెప్పలేం, అంతే. బొచ్చె, రవ్వ లాంటి చెరువు చేపల్లో ఈ కొవ్వులు తక్కువ. మిగిలిన చేపల పులుసు మాత్రం పెట్టకండి, ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాల్ని దెబ్బతీస్తాయి.

కొబ్బరి నూనె మీద మనకున్న నమ్మకం నాకు అర్థమవుతుంది. పైన రాస్తే పగిలిన పాదాలకు, ముక్కుకు కాస్త మెత్తదనం వస్తుంది కూడా. కానీ తిండిలో వేస్తే? అందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం అనే వేరే కొవ్వు. లినోలియిక్ ఆమ్లం నూటికి రెండు పాళ్లకు అటూ ఇటూ. ఈపీఏ, డీహెచ్‌ఏ అసలే లేవు. పొడిదనానికి కావలసిందీ, దురదకు కావలసిందీ రెండూ లేని నూనె ఇది. పైగా ఒక టేబుల్ స్పూన్‌లో దాదాపు 120 క్యాలరీలు. రెండు స్పూన్లు వేస్తే 20 కిలోల కుక్క రోజంతా తినాల్సిన దాంట్లో నాలుగో వంతు నూనె రూపంలోనే పోతుంది. లాబ్రడార్లు, పగ్‌లు మన ఇళ్లలో ఇప్పటికే బరువెక్కి ఉన్నాయి.

అవిసె గింజల పరిస్థితి అంత తీసిపారేసేది కాదు. వాటిలో ఒమేగా 3 నిజంగానే ఎక్కువ, కాకపోతే అది ఏఎల్ఏ అనే రూపంలో ఉంటుంది. కుక్క శరీరం దాన్ని ఈపీఏగా మార్చుకునేది కొద్దిగానే, డీహెచ్‌ఏగా మరీ తక్కువ. అయినా 2004లోనే మరో చిన్న పరిశోధనలో అవిసె నూనె ఇచ్చిన కుక్కలకూ దురద కొంత తగ్గింది. అందుకే ఇంట్లోకి చేప రానివ్వని శాకాహార కుటుంబాలకు నేను అవిసె నూనెనే చెబుతాను. ఇవ్వాల్సి వస్తే నూనె ఇవ్వండి, లేదా అప్పటికప్పుడు పొడి కొట్టి ఇవ్వండి. గింజలు అలాగే వేస్తే అలాగే బయటికి వస్తాయి.

ఏ నూనెకూ లొంగని దురద ఏడాది పొడవునా ఉంటే తిండే అలర్జీ కావచ్చు. కుక్కల్లో తిండి అలర్జీలపై 2016లో వచ్చిన ఒక సమీక్షలో మొదటి నాలుగు స్థానాలు బీఫ్, పాల పదార్థాలు, చికెన్, గోధుమలవి. మన కుక్క గిన్నెలో రోజూ ఉండేవి పెరుగు, చికెన్, చపాతీ ముక్క. 'చలవ చేస్తుంది' అని పెట్టే పెరుగే కొన్ని కుక్కలకు దురద తెస్తుంది. రక్త పరీక్షతో ఇది తేలదు. డాక్టర్ సలహాతో, కుక్క ఇదివరకు ఎప్పుడూ తినని ఒక మాంసం, ఒక పిండి పదార్థం మాత్రమే 8 వారాలు పెట్టి, ఆ తర్వాత పాత తిండి మళ్లీ ఇచ్చి చూడాలి. ఆ 8 వారాల్లో బామ్మగారు ప్రేమగా వేసే ఒక్క పాల బిస్కెట్ కూడా లెక్కలోకి వస్తుంది, ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి. చేప నూనె క్యాప్సూల్ పైపొర జంతువుల నుంచి తీసే జెలటిన్ కాబట్టి ఆ సమయంలో అదీ ఆపేయడం మంచిది.

గుడ్డు పెట్టొచ్చు, ఉడికించి. పచ్చి తెల్లసొన బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి పట్టనివ్వదు. పసుపు వేసినా పెద్ద ఫలితం ఆశించొద్దు. జింక్ లోటు హస్కీ లాంటి జాతుల్లో నిజంగా ఉంటుంది. అప్పుడు కళ్ల చుట్టూ, మూతి చుట్టూ చెక్కు కడుతుంది. అది డాక్టర్ చూసి తేల్చాల్సిన విషయం, సొంతంగా మాత్రలు మొదలుపెట్టకండి.

ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చి తగ్గిన కుక్కకు పైన చెప్పిన ఏ నూనె అయినా డాక్టర్‌ను అడగకుండా వేయొద్దు. ఆపరేషన్ ఉంటే చేప నూనె వాడుతున్నట్టు ముందే చెప్పండి. ఎక్కువ మోతాదులో అది రక్తం గడ్డకట్టడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది.