డ్రైవింగ్ మోడ్: కొరియర్ అబ్బాయి కాల్ వచ్చింది, అత్తయ్యది రాలేదు

కారు బ్లూటూత్‌కి కలవగానే ఫోన్ దానంతటదే కాల్స్ మోగనివ్వని డ్రైవింగ్ మోడ్‌లోకి పోయేలా పెట్టుకుని ఏడాది దాటింది. చెప్పలేనంత హాయి. హైదరాబాద్ మెహదీపట్నంలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్ల పైచిలుకు, బండి పక్కకు ఆపి మాట్లాడే చోటుండదు. ఇప్పుడు ఆ గొడవే లేదు. మ్యాప్ గొంతు తప్ప ఇంకేం వినపడదు.

ఇందులో రిపీట్ కాలర్స్ అని ఒక ఆప్షన్ ఉంది. ఆండ్రాయిడ్‌లో ఒకే నంబర్ నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి వస్తే మోగనిస్తుంది. ఐఫోన్‌లో అయితే 3 నిమిషాలు. నిజంగా అవసరమున్నవాళ్లు మళ్లీ చేస్తారన్నది దాని లెక్క. దోస్తులందరికీ తెగ పొగిడి చెప్పా.

మొన్న సూర్యాపేట నుంచి వస్తున్న మా అత్తయ్యను తీసుకురావడానికి ఎంజీబీఎస్ బస్టాండుకు బయల్దేరా. మాసబ్ ట్యాంక్ దగ్గర ఫోన్ మోగింది. రెండోసారి చేశారంటే ఏదో అర్జెంటే అనుకుని స్టీరింగ్ మీద బటన్ నొక్కా. కొరియర్ అబ్బాయి! "సార్, వాచ్‌మెన్‌కి ఇచ్చేయమంటారా?" అర నిమిషం మాట్లాడానేమో, ఆ లోపు సిగ్నల్ ఎప్పుడు దాటానో గుర్తులేదు. చేత్తో పట్టుకోకపోతే చలానా రాదుగా అంటాడు మా తమ్ముడు. చలానా సంగతి సరే, మనసు రోడ్డు మీద లేదు కదా.

ఎంజీబీఎస్‌లో పార్క్ చేసి చూస్తే అత్తయ్యది ఒకే ఒక్క మిస్డ్ కాల్. బస్సు చెడిపోయిందని ఎల్బీ నగర్‌లోనే దించేశారట. అక్కణ్ణుంచి ఎంజీబీఎస్‌కి నేరుగా మెట్రో ఉంది, కానీ బియ్యం సంచి, పచ్చడి జాడీలతో ఆవిడ ఎక్కడ ఎక్కుతుంది? "బండి మీదుంటవని మళ్ల చెయ్యలే బాబూ" అంది. మర్యాద తెలిసినవాళ్లు ఒక్కసారే చేస్తారని ఆ ఆప్షన్ రాసినవాళ్లకు ఎవరు చెప్పాలి?

ఇప్పుడు అత్తయ్యను, అమ్మను మోడ్ ఆన్‌లో ఉన్నా కాల్ మోగే స్టార్ కాంటాక్టుల్లో పెట్టా, రిపీట్ కాలర్స్ తీసేశా. స్టార్లు పెంచుకుంటూ పోతే మోడ్ ఉన్నా లేనట్టే, అందుకే మా మేనేజర్‌కు ఇవ్వలేదు. గంటలో తిరిగి చేసినా నడిచే ఉద్యోగం కాబట్టి నాకు సరిపోయింది. ఆసుపత్రి డ్యూటీల్లో ఉండేవాళ్లకు కుదరకపోవచ్చు. మా ఆవిడది స్కూటీ, దానికి బ్లూటూత్ లేదు. బయల్దేరేముందు చేత్తోనే ఆన్ చేస్తుంది, ఇంటికొచ్చాక ఆఫ్ చెయ్యదు. ఆ రోజంతా ఆమెతో మాట్లాడాలంటే నేను మా పక్కింటివాళ్లకు చెయ్యాలి.