కడపలో నాటకానికి లైట్లు అద్దెకి తీసుకున్నాం, బాగానే ఉంది కానీ ఫ్యాన్ల సౌండ్ అబ్బా

పెళ్లిళ్లకి, డీజేలకి ఇచ్చే షాపే, కానీ ఓనర్ అన్నకి నాటకం పని తెలుసు. మాది పాటలెక్కువ ఉన్న నాటకం, హాలు చిన్నది, స్టేజీ లోతు తక్కువ. అన్న వచ్చి చూసి ఎల్ఈడీ పార్‌లు (స్టేజీకి వాడే గుండ్రటి డబ్బా లైట్లు) ముందు నుంచి రెండు పక్కలా దాదాపు 45 డిగ్రీల ఏటవాలుగా కట్టించినాడు, ఒక పక్క వార్మ్ (పసుపు ఛాయ), ఇంకో పక్క కూల్ (నీలం ఛాయ), అట్లయితే మొహం చదునుగా కనపడదు (దీన్ని మెక్‌కాండ్లెస్ పద్ధతి అంటారు, అన్నకి ఆ పేరుతో పనిలేదు). వెనక నుంచి బ్యాక్‌లైట్ కూడా వేసినాడు, కోరస్ వాళ్లు పరదాకి అతుక్కుపోకుండా విడిగా కనపడినారు.

పాటల క్యూలు (పాటలో లైటు మారాల్సిన చోట్లు) మాత్రం సూపర్. పల్లవికి మెల్లగా ఫేడ్, చరణానికి ఠక్కున కలర్ మార్పు, అన్నీ ముందే సేవ్ చేసి బటన్ మాత్రం పాట వింటా చేత్తో నొక్కినాడు, అందుకే హార్మోనియం మాస్టారు స్పీడు పెంచినా లైటు తప్పలా. 1885లో సురభి నాటకం పుట్టిన జిల్లా మనది, ఇట్లాంటోళ్లు ఒకరన్నా ఉండాల కదా!

మైనస్‌లు: మూవింగ్ హెడ్ల (అటూ ఇటూ తిరిగే లైట్ల) లోపలి ఫ్యాన్లు పద్యం మధ్యలో గుయ్యిమంటాయి, వద్దని చెప్పేయండి. చవక పార్‌లు బాగా డిమ్ చేస్తే జర్క్ కొడతాయి. ఎర్ర లైట్లో ఆకుపచ్చ చీర నల్లగా కనపడింది, కాబట్టి కాస్ట్యూమ్స్‌తోనే లైట్ రిహార్సల్ అడగండి. ట్రాన్స్‌పోర్ట్, జనరేటర్ వేరే.