నడుము నొప్పికి మసాజ్ గన్ కొన్నారా? రిటర్న్ గడువు దాటకముందే ఇవి చూసుకోండి

"డిస్క్ సర్దుకుంటుంది", "30 స్పీడ్లు", "హీటింగ్ బెల్టు ఉచితం". ప్రకటనలో ఈ మూడూ కలిసి కనిపిస్తే కొనకపోవడమే మంచిది. ఇలాంటి చవక గన్లు కొన్నవాళ్లందరి గోడూ దాదాపు ఒకటే. చేత్తో పట్టుకుని ఆన్ చేస్తే బ్రహ్మాండంగా మోగుతుంది. నడుము మీద కాస్త నొక్కగానే మోటారు మూలిగి ఆగిపోతుంది, చెయ్యి తీస్తే మళ్లీ తిరుగుతుంది. మీ పీస్ ఒక్కటే పాడైందనుకోకండి, ఆ మోటారు బలమే అంత. మార్చి ఇచ్చేదీ అలాంటిదే కాబట్టి డబ్బు వాపసు అడగండి.

స్పీడ్ల లెక్క వదిలేసి, గన్ తల (ఒంటికి తగిలే కొస) ముందుకీ వెనక్కీ ఎన్ని మిల్లీమీటర్లు కదులుతుందో చూడండి. 10–12 ఉంటే దెబ్బ కండరం దాకా చేరుతుంది. 5–6 అయితే చర్మం మీద వణుకే. పెట్టె మీది అంకెను నమ్మక్కర్లేదు: తల పక్కన స్కేలు పెట్టి, అతి తక్కువ స్పీడ్‌లో, ఫోన్‌తో స్లో మోషన్ వీడియో తీయండి. తేడా ఉంటే ఆ వీడియోనే మీకు సాక్ష్యం. తర్వాత తొడ మీద ఆనించి ఓ మోస్తరుగా 15 సెకన్లు నొక్కి చూడండి. ఆగిందా, పంపేయండి. బరువు కిలో దాటితే ఎవరి నడుముకు వాళ్లు పెట్టుకోవడం కష్టం, మణికట్టు నొప్పి అదనం.

గన్ మంచిదైనా పెట్టే చోటు తప్పితే నష్టమే. వెన్నెముక ఎముకల మీద, పక్కటెముకల కింద మూత్రపిండాలు ఉండే చోట అస్సలు పెట్టకూడదు. వెన్నెముకకు రెండు వేళ్ల దూరంలో, నడుము కింది భాగంలో, గుండ్రటి మెత్తటి తలతో, చోటు మారుస్తూ ఒకటి రెండు నిమిషాలు చాలు. కొందరికి అసలు ఉపశమనం పిరుదు కండరాల దగ్గర దొరుకుతుంది. మొనతేలిన తల నడుముకు వద్దు. గట్టిగా నొక్కితే త్వరగా తగ్గుతుందన్న నమ్మకంతోనే మర్నాడు కమిలిన మచ్చలూ, పెరిగిన నొప్పీ. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు.

ఇక ఆ ఉచిత బెల్టు. వేడి మంచిదే, కొత్తగా పట్టేసిన నడుముకు కాపడం కొంత ఉపశమనం ఇస్తుంది. కానీ దానంతటదే ఆగే టైమర్ లేని బెల్టు కట్టుకుని నిద్రపోతే చర్మం కాలే ప్రమాదం ఉంది. రోజూ గంటల తరబడి వేడి తగిలితే వలలాంటి గోధుమరంగు మచ్చలు పడతాయి. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లకు కాలిన సంగతే తెలియదు. మధ్యలో గుడ్డ వేసి 15–20 నిమిషాలు, అంతే. దీర్ఘకాలిక నడుము నొప్పికి ఆసరాగా బిగించే బెల్టులు, ట్రాక్షన్ (నడుమును లాగి సాగదీయడం) వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లోనే ఉంది. వెన్నుపూసల మధ్య దిండులాంటి డిస్క్‌ని లోపలికి తోసే యంత్రం అంటూ ఏదీ లేదు. జారిన డిస్క్ చాలామందిలో నెలల్లో తనంతట తానే కుదించుకుపోతుంది.

గన్ పనే కావాలంటే టెన్నిస్ బంతి ఉంది. గోడకీ పిరుదుకీ మధ్య పెట్టి, నొప్పి ఉన్న బిందువు మీద 30–60 సెకన్లు ఒరగండి. దాంతో పాటు రోజుకు రెండు మూడు సార్లు పదేసి నిమిషాల నడక. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుము పైకెత్తే బ్రిడ్జ్ 8–10 సార్లు. మంచానికే అతుక్కుపోతే నడుము ఇంకా బిగుస్తుంది. మసాజ్ ఇచ్చే హాయి కొద్దిసేపే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ కూడా 2016లో దాన్ని వ్యాయామంతో కలిపి మాత్రమే వాడమంది. 20 సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమనే మసాజ్ సెంటర్లకు ఈ మాట నచ్చదు. రెండు మూడు సిట్టింగులకు విడిగా కట్టండి, తేడా కనిపించకపోతే మానేయండి.

మూత్రం, మలం అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు బలహీనపడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. జ్వరం, కారణం లేని బరువు తగ్గుదల, కిందపడ్డాక మొదలైన నొప్పి ఉన్నా డాక్టర్ చూసేదాకా గన్, బెల్టు, బంతి ఏదీ వద్దు.